సదరు అనే మనిషికి పొలం లేదు

ఇవాళ పొద్దున కోవూరు ఆఫీసు మెట్లెక్కుతుంటే మైదా జిగురు ఉడుకుతున్న వాసన వచ్చింది. పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. సగం మాడిన గంజి వాసన, సగం తోమని రాగిచెంబు వాసన. అటెండరు వరండాలో కూర్చుని, వెన్ను విరిగిన రిజిస్టరు ఒకటి ఒళ్ళో పెట్టుకుని అట్ట అంటిస్తున్నాడు. నేను అక్కడే నిలబడిపోయాను. "ఏం సార్, కళ్ళు తిరగతా ఉండాయా?" అని అడిగాడు. ఆ వాసన నన్ను ఆరేళ్ళు వెనక్కి తీసుకుపోయిందని చెప్పవచ్చు గాని, జిగురు గిన్నె చేతిలో ఉన్న మనిషితో అంత పెద్ద మాట అనకూడదు. టిఫిను చెయ్యలేదని చెప్పాను. అదీ నిజమే.

ఆ వాసనను నాకు పరిచయం చేసినవారు మస్తాన్ సాహెబు గారు. సముద్రానికి మూడు మైళ్ళ ఇవతల ఉన్న ఒక తాలూకా ఆఫీసులో ఆయన రికార్డు కీపరు. ఆఫీసు పేరు చెప్పను. అప్పట్లో అక్కడ పనిచేసినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు నాకు పై అధికారులు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, టెంపరరీ కాపీయిస్టుని. ఆ ఉద్యోగంలో టెంపరరీ అన్న మాట ఒక్కటే పర్మనెంటు. సాహెబు గారి తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టి బతికిన మనిషి. ఆ చేతివాటం ఈయనకూ వచ్చింది. ఆయన రిజిస్టరు తెరిచే తీరు చూస్తే లోపల ఎవరో నిద్రపోతున్నారేమో అనిపించేది. కళ్ళజోడుకు ఒక కాడ లేదు, దాని బదులు నల్లదారం చెవికి చుట్టుకునేవారు. మొదటిరోజు ఆ గది చూసి, ఇక్కడి చెదపురుగులకు నాకంటే సర్వీసు ఎక్కువ ఉన్నట్టుందే అన్నాను. ఆయన నవ్వలేదు. చేతులు కడుక్కుని రమ్మన్నారు. మూడోరోజు మధ్యాహ్నం, ఇద్దరం మౌనంగా సూదీ దారంతో పేజీలు కుడుతుండగా ఉన్నట్టుండి ఫక్కున నవ్వి, "చెదపురుగులకు సర్వీసు" అన్నారు. ఏ హాస్యమైనా ఆయన దగ్గరికి చేరడానికి రెండు రోజులు పట్టేది. ముందు సరిచూసుకునేవారనుకుంటాను.

ఇప్పుడు పని సంగతి చెప్పాలి. ప్రతి ఊరికీ ఒక పెద్ద రిజిస్టరు ఉండేది. ఎప్పుడో దొరల కాలంలో భూములన్నీ కొలిచి అచ్చు వేయించినది. ఒక్కో చేనుకు ఒక్కో నంబరు, ఒక్కో గీత. నంబరు, ఎన్ని ఎకరాలు, ఎవరిది. ఆ అచ్చు ప్రతులు నెల్లూరులోనూ ఉన్నాయి, కాబట్టి మాది పాడైనా అచ్చుకు కొదవ లేదు. కాని అచ్చయిన తర్వాత అమ్మకాలు జరిగాయి, అన్నదమ్ములు విడిపోయారు, మనుషులు పోయారు. ఆ మార్పులన్నీ కరణాలు మా పుస్తకంలోనే చేత్తో రాస్తూ వచ్చారు. అవి ఇంకెక్కడా లేవు. నేను చేరడానికి ముందటి ఏటి వానల్లో రికార్డు గదిలో మోకాటిలోతు నీళ్ళు నిలిచాయట. దాంతో నెల్లూరు నుంచి ఉత్తరువు వచ్చింది: అచ్చయిన నాటి నుంచి మారినవాటికి నకళ్ళు రాసి, ఈ వానలకు ముందే పంపండి అని. యాభై ఎనిమిది ఊళ్ళు. ఇచ్చిన కాగితం మూడు రీములు. ఆ కాగితంతో అన్నీ రాయలేం. మారినవి మాత్రమే ఏరాలి. ముఖ్యమైనవి చూసి రాసేయండి అన్నారు తాసీల్దారు. సాహెబు గారు చేతులు కట్టుకుని, "ఎవురి పొలం ముఖ్యం కాదో ఒక లిస్టు రాసియ్యండి సార్. అవి వొదిలేస్తాం" అన్నారు. లిస్టు రాలేదు.

మారిన పేజీని ఎట్లా కనిపెట్టాలి? నేను చాలా తెలివైనవాణ్ణి గనుక మొదటిరోజే మూడు ఉపాయాలు చెప్పాను. కరణాలు మార్పులు ఎర్రసిరాతో రాయాలని నియమం, కాబట్టి ఎరుపు ఉన్న పేజీలు ఏరితే సరి అన్నాను. ఆయన ఒక పేజీ తీసి నా ముందు పెట్టారు. సముద్రపు గాలికి ఎరుపు వెలిసి, ఎండిన గడ్డిరంగు అయింది. సరే, అధికారుల సంతకాల కింద తేదీలు చూద్దాం అన్నాను. ఇంకో పుస్తకం తీశారు. ఎవరో అధికారి ఒకే మధ్యాహ్నం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మారినవాటి మీదా మారనివాటి మీదా వరసగా సంతకాలు పెట్టి ఊరు దాటిపోయాడు. ఆ ఊరంతా ఒకే రోజు మారినట్టు లెక్క. మూడోది, పేజీ అడుగున ఎకరాల మొత్తం కూడి అచ్చుతో సరిపోలితే మారలేదని వదిలేయవచ్చు అన్నాను. దానికాయన కొంచెంసేపు ఆలోచించారు. నాకు గర్వంగా అనిపించింది. "నీ చొక్కా నాకిచ్చి నా చొక్కా నువ్వు తొడుక్కుంటే గదిలో చొక్కాలు ఎన్నబ్బయ్యా?" అన్నారు. రెండేనని ఒప్పుకున్నాను. నా మూడు ఉపాయాలు అట్లా ముగిశాయి.

మిగిలింది చదవడం. రికార్డు గదిలోకి దీపం తీసుకుపోకూడదు, అందుకని పొద్దున ఏడింటికి వరండాలో చాప వేసుకునేవాళ్ళం. నెల్లూరు నుంచి తెప్పించిన, చేతిరాత పడని అచ్చు పుస్తకం ఒకరి ముందు, మా పుస్తకం ఇంకొకరి ముందు. ఒకరు గీత గీతా చదవాలి, ఇంకొకరు వేలు పెట్టి చూసి "ఉంది" అనాలి. లేనిచోట ఆగి గుర్తు పెట్టాలి. వినడానికి తేలిక. కాని వంద గీతలు దాటాక నోరు తనంతట తానే ఉంది ఉంది అంటుంది, కళ్ళు గోడమీది బల్లిని చూస్తుంటాయి. సాహెబు గారికి అది తెలుసు. అందుకని ప్రతి పేజీలో ఎక్కడో ఒకచోట కావాలనే ఒక అబద్ధపు అంకె చదివేవారు. దానికి నేను ఉంది అన్నానో, పుస్తకం మూసి మళ్ళీ తెరిచి, "మొదట్నించీ" అనేవారు. కోప్పడేవారు కాదు. కోప్పడితే కనీసం కాసేపు విశ్రాంతి దొరికేది. మొదటి వారం ఒక్క ఊరిని నాలుగుసార్లు చదివాం. పగబట్టి, నేను చదివే వంతు వచ్చినప్పుడు ఒక చేను యజమాని పేరు బదులు మా తాసీల్దారు పేరు చదివాను. ఆయన వేలు ఆగింది. "లేదు. ఈయనకి ఈడ పొలం రావాలంటే ఇంకా రెండేళ్ళు పట్టుద్ది" అన్నారు. అది హాస్యమో సమాచారమో నాకు ఇప్పటికీ తెలియదు.

అట్లా ఆగస్టు మధ్య నుంచి మొదలుపెట్టి, అక్టోబరు మొదటి వారానికి ముప్పై ఒక్క ఊళ్ళు పూర్తిచేశాం. మారిన పేజీలను నేను ఉన్నదున్నట్టు నకలు రాసేవాణ్ణి. ఆయన సరిచూసేవారు. ప్రతి నకలు అడుగునా రెండు గళ్ళు ఉంటాయి: వ్రాసినది, సరిచూచినది. ఒక గడిలో నా సంతకం, రెండో గడిలో ఆయనది. సాహెబు గారు నాలో మార్చలేకపోయినదంటూ ఏదైనా ఉంటే, అది రెండో గడి మీద నాకున్న చిన్నచూపు. ఒకడు సరిగా రాస్తే రెండోవాడు ఎందుకని నా వాదన. ఒకరోజు ఆయన కాగితాల పనిమీద నెల్లూరు పోయారు. ఆ రోజే రమణయ్య అనే రైతు వచ్చాడు. సముద్రం పక్క పల్లెవాడు, తెల్లపంచె, మర్యాదస్తుడు. తన పొలానికి నకలు కావాలన్నాడు. 212, 213, 214 నంబర్లు. మేము కొత్తగా రాసిన ప్రతి చేతికి అందుబాటులో ఉంది, తెరిచాను. 212కు ఎదురుగా రమణయ్య. 213కు ఎదురుగా సదరు. 214కు ఎదురుగా సదరు. పైన రాసిన పేరే కిందా అయితే మళ్ళీ రాయకుండా సదరు అని రాయడం రిజిస్టర్ల ఆచారం. నకలులో మాత్రం పేరు పూర్తిగా రాయాలి. మూడు నంబర్లకూ రమణయ్య అని అందంగా రాశాను. వ్రాసినది గడిలో సంతకం పెట్టాను. సాహెబు గారు లేరు గనుక సరిచూచినది గడిలోనూ నేనే పెట్టాను. తాసీల్దారు ముద్ర వేశారు. రమణయ్య దండం పెట్టి పోయాడు. అంత సుఖంగా ముగిసిన పని ఆ ఆఫీసులో అదొక్కటే.

వారం తిరక్కముందే కామాక్షమ్మ వచ్చింది. రమణయ్య అన్న భార్య. అన్న పోయి రెండేళ్ళయింది. కాళ్ళకు బురద ఆరకుండానే మెట్లెక్కి, రమణయ్యకు కాగితం ఇచ్చింది ఎవరని అడిగింది. కాగితాలివ్వడం మా పనేనమ్మా, చాలామందికి ఇస్తుంటాం అన్నాను, నా ధోరణిలో.

"నా రెండు చేలు గూడా వాడికి ఇచ్చినావంట గదా. నాట్లేసి పదైదు రోజులు. ఇప్పుడు పైరు పీకమంటావా, నన్నే పీక్కోని పొమ్మంటావా?"

సాహెబు గారు లేచి ఆమెకు చాప చూపించారు. చేలు ఎవరి పేరు మీద ఉన్నాయని అడిగారు. ఆయన పేరే అంది. ఆయనంటే ఎవరమ్మా అంటే, ఆయనే అంది. మొగుడి పేరు నోటితో చెప్పదు, పోయినా సరే చెప్పదు. ఇద్దరూ ఆగిపోయారు. ఈమె కూడా సదరు అనే రాస్తోందని నాకు నవ్వొచ్చింది గాని, మింగేశాను. చివరికి ఆమె తల వంచుకుని, పెంచలకోన సామి పేరే అంది. సాహెబు గారు తలూపి, పెంచలయ్య అని తనలో అనుకుంటూ అచ్చు పుస్తకం తెరిచారు. 212 పెంచలయ్య, 213 సదరు, 214 సదరు. తర్వాత మా పుస్తకం తెరిచారు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు తమ్ముడికి పోయింది 212 ఒక్కటే, ఆ పంపకానికి ఇచ్చిన ఉత్తరువు కట్టలో అట్లాగే ఉంది. కరణం 212 దగ్గర పెంచలయ్య పేరు కొట్టేసి రమణయ్య అని రాశాడు. కింద రెండు సదరులనూ ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే అవి మారిపోయాయి. మేము వరండాలో కూర్చుని, సదరు అని ఒకరం చదివి, ఉంది అని ఒకరం అని, ముందుకు పోయాం. సిరా ఉన్నచోటే ఉంది. పొలం పోయింది.

ఇదంతా సాహెబు గారు ఆమెకు నిదానంగా చెప్పారు. ఆమె శ్రద్ధగా విని, "అయితే ఆ సదరు అనేవాడు ఎవురు?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే. నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

"సదరు అనే మనిషికి ఈ తాలూకాలో పొలం లేదమ్మా" అన్నారు సాహెబు గారు. "మేమే రాసినాం. మేమే తీస్తాం."

ఆ మధ్యాహ్నమే మా పుస్తకంలో రెండు సదరుల పక్కనా పెంచలయ్య పేరు రాసి, ఉత్తరువు నంబరు వేసి, తాసీల్దారు చేత సంతకం చేయించారు. నేనిచ్చిన నకలు వాపసు తెమ్మని రమణయ్యకు కబురు పంపారు. బోగోలు సంతకు పోతూ దారిలో ఎక్కడో పోగొట్టుకున్నానని జవాబు వచ్చింది. అక్కడితో సర్దుకుంటుందనుకున్నాను. మర్నాడు పొద్దున వరండాలో చాప మీద, మేము పూర్తిచేసిన ముప్పై ఒక్క ఊళ్ళ పుస్తకాలూ పేర్చి ఉన్నాయి. మొదటి నుంచీ మళ్ళీనా అన్నాను. కొట్టివేత ఉన్న ప్రతిచోటా దాని కింద సదరు ఉందేమో చూడాలి అన్నారు. అచ్చు నాడు ఆ సదరు ఎవరో కనుక్కోవాలి, ఉత్తరువు దాన్ని మార్చిందో లేదో చూడాలి, ఆ పేజీకి కొత్త నకలు రాయాలి. ఆ నకలులో సదరు అన్న మాట ఉండకూడదు. ప్రతి గీతకూ పేరు. ఇంకా ఇరవై ఏడు ఊళ్ళు చదవనే లేదు, ఉన్నది ఇరవై అయిదు రోజులు అన్నాను. ఆదివారాలు కూడా కలుపుకుంటే సరిపోతుందన్నారు. ఆయన ముఖంలో వీరావేశం ఏమీ లేదు. పెన్సిలు చెక్కుతున్నారు. నాకు అప్పుడర్థమైంది, ఈ మనిషిని ఆపడం కుదరదని. ఆవేశంలో ఉన్నవాణ్ణి ఆపవచ్చు, అలసిపోతాడు.

కాగితం చాలదని తాసీల్దారు అడ్డం పడ్డారు. పాడైన ఫారాల వెనకవైపు రాస్తామన్నారు సాహెబు గారు. అట్లాగే రాశాం. ఆ ఇరవై అయిదు రోజుల్లో నా కుడిచేతి మధ్యవేలు మీద లేచిన కాయ నాకు మొట్టమొదటి సర్కారీ ఆస్తి. ఒకే పేరు ఒకే పేజీలో పదిహేడుసార్లు రాసిన రోజున, ఈ మనిషిని చూడకుండానే ద్వేషిస్తున్నానని చెప్పాను. ఆయన చూపు పుస్తకం మీద నుంచి తీయకుండా, "ఆయన పదిహేడు చేలు దున్నినాడు. నువ్వు పదిహేడు తూర్లు రాయలేవా?" అన్నారు. కామాక్షమ్మ ఊరి పేజీ ఆయన మూడుసార్లు సరిచూశారు. మూడోసారి కింది గీత నుంచి పైకి చదివారు. నెలాఖరుకు రెండు రోజుల ముందు, నకళ్ళన్నీ రేకుపెట్టెలో సర్ది, పెట్టెతోపాటు బస్సెక్కి నెల్లూరులో అప్పగించి వచ్చారు. వచ్చి, ఆ సాయంత్రం నా పాత హాస్యం ఒకటి గుర్తొచ్చి నవ్వారు.

నవంబరులో గాలివాన వచ్చింది. దాన్ని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఏటేటా వాళ్ళ కథల్లో గాలి వేగం పెరుగుతోంది. నేను చెప్పగలిగింది ఇంతే: మూడోరోజు ఆఫీసు తలుపు తెరిస్తే కప్పు పెంకులు నేలమీద, సముద్రపు ఇసుక బీరువాల్లో ఉన్నాయి. కింది రెండు అరల రిజిస్టర్లు నానిన రొట్టెల్లా ఉబ్బాయి. కామాక్షమ్మ ఊరి పుస్తకం, ఉత్తరువుల కట్ట విప్పితే పేజీలు రాలేదు, ముద్దలు వచ్చాయి. సాహెబు గారు ఆ ముద్దను ఎండలో పెట్టారు, పనికిరాదని తెలిసి కూడా. డిసెంబరులో రిటైరయ్యారు. ఇంకొక విశేషం కూడా జరిగింది. గాలివానలో మా తాలూకా రికార్డులు అన్నేసి పోతే, రమణయ్య పోగొట్టుకున్న కాగితం ఒక్కటీ దొరికింది.

దాన్ని పట్టుకుని అతడు నెల్లూరు దాకా అర్జీ పెట్టాడు. ఫిబ్రవరిలో అక్కడి అధికారి ఒకరు విచారణకు వచ్చి మా ఆఫీసు వరండాలోనే కూర్చున్నారు. బల్లమీద రెండు కాగితాలు. ఒకటి రమణయ్య తెచ్చిన నకలు, మా ఆఫీసు ముద్రతో. రెండోది నెల్లూరు రేకుపెట్టె నుంచి తెచ్చిన పేజీ. అధికారి రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఇవి రెండూ ఒకే చేతిరాత కదా, ఏది నమ్మాలి అని అడిగారు. రమణయ్య మర్యాదగానే, సర్కారు ముద్ర ఉండాది సామీ అన్నాడు. కామాక్షమ్మ స్తంభం పక్కన నిలబడింది. వేసిన పైరు ఎటూ గాలివానకు పోయింది. ఇప్పుడు చేలు కూడా పోతాయా అన్నదే మిగిలింది. ఆ నెలలోనే టెంపరరీ వాళ్ళను పర్మనెంటు చేసే జాబితా తయారవుతోంది, అందులో నా పేరుంది. సాహెబు గారు ఊళ్ళో లేరు. ఎవరో పాత గుమాస్తా రాశాడని అనవచ్చు, చేతిరాతలు కలుస్తుంటాయి. అట్లాంటి వేళల్లో నాకు ఎప్పుడూ ఒక హాస్యం తడుతుంది. ఆ రోజు ఏమీ తట్టలేదు.

"ఆ నకలు తప్పండి. రాసింది నేను. సరిచూసినట్టు సంతకం పెట్టింది కూడా నేనే. సరిచూడలేదు."

"మరి ఈ రెండోది?"

"అదీ నేనే రాశానండి. మస్తాన్ సాహెబు గారు సరిచూసినారు."

అధికారి రెండు కాగితాల మీదా రెండో గడి చూశారు. ఒకదాని మీద నా సంతకం, ఒకదాని మీద ఆయనది. చాలాసేపు చూసి, ఈ పేజీ పైకి చదవమన్నారు. చదివాను. 212 రమణయ్య. 213 పెంచలయ్య. 214 పెంచలయ్య. అధికారి కలం తీశారు. స్తంభం పక్క నుంచి కామాక్షమ్మ అంది:

"ఇంకో తూరి చదువు నాయనా."

చేలు ఆమెకు మిగిలాయి. జాబితా నుంచి నా పేరు ఒక ఏడాది తీసేశారు. న్యాయమే. చిట్టమూరులో కూతురి ఇంట ఉంటున్న సాహెబు గారి దగ్గరికి పోయి ఇదంతా చెప్పాను. అధికారి గొంతు, రమణయ్య దండం, నా గుండె ధైర్యం, ఏదీ తక్కువ చెయ్యలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు. మెచ్చుకుంటారని ఎదురు చూశాను.

"రెండో తూరి చదివినప్పుడు కాగితం చూసి చదివినావా, గుర్తుండాదని చదివినావా?"

గుర్తుందని చదివానన్నాను.

"చూసి చదవాల."

అంతే అన్నారు. తర్వాత టీ ఇచ్చారు. పోయిన ఏడాది ఆయన పోయారని కార్డు వచ్చింది. అప్పుడు చెప్పిన కథలోని ఏ హాస్యానికైనా, నేను చిట్టమూరులో తిరుగు బస్సెక్కిన రెండు రోజులకు నవ్వే ఉంటారని నమ్ముతున్నాను. సరిచూసుకునే వీలు లేదు.

ఇప్పుడు కోవూరులో ఏటా వానలకు ముందు మారిన పేజీలకు నకళ్ళు రాయించే పని నాది. కింద పనిచేసేవాళ్ళు నన్ను వెనక ఏమంటారో నాకు తెలుసు, ఆ వయసులో నేనైతే ఇంకా బాగా అనేవాణ్ణి. ఇవాళ పెన్న పక్క ఊరిది ఒక పేజీ నేనే రాయాల్సి వచ్చింది. ఇరవై మూడు నంబర్లు, అన్నీ ఒకే రైతువి. మొదటి గీతకు పేరు రాసి చెయ్యి కొంచెం ఆగింది. ఇరవై మూడుసార్లూ రాశాను, ఇంటిపేరుతో సహా. రెండో గడి ఖాళీగా ఉంచి, పక్కబల్ల అతన్ని పిలిచాను.